ఆర్మూర్ అడిగింది ధర.. ఢిల్లీ ఇచ్చింది రెండు వేలు

మధ్యంతర బడ్జెట్‌లో ఎవరికి ఎంత ఇచ్చారో టీవీలు గంటలు గంటలు చెప్తాయి. ఏ అంకె ఏళ్లుగా కదల్లేదో, ఏ తేదీ దగ్గర మనవాళ్ల పేరు ఆగిపోయిందో ఎవరూ చెప్పరు. పసుపు ఊరి నుంచి ఆ లెక్క ఒకసారి చూద్దాం.

2019 ఫిబ్రవరిలో రెండు సంగతులు జరిగాయి.

ఒకటో తారీఖున ఢిల్లీలో పీయూష్ గోయల్ మధ్యంతర బడ్జెట్ చదివారు. అరుణ్ జైట్లీ వైద్యం కోసం అమెరికా వెళ్లడంతో ఆర్థిక శాఖ అప్పట్లో గోయల్ చేతిలో ఉంది. చిన్న, సన్నకారు రైతులకు ఏడాదికి రూ.6 వేలు, మూడు విడతల్లో, నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తామన్నారు. అదే పీఎం కిసాన్.

అదే నెలలో మా ఆర్మూర్‌లో, మామిడిపల్లి చౌరస్తా దగ్గర, పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులు రోడ్డెక్కారు. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఊరు మాది. ఇక్కడ రోడ్డు ఆగితే హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే లారీలు కూడా ఆగాల్సిందే. వాళ్లు అడిగినవి రెండే. పసుపు క్వింటాలుకు రూ.15 వేలు, ఎర్రజొన్న క్వింటాలుకు రూ.3,500.

ఢిల్లీ సాయం ఇచ్చింది. ఆర్మూర్ ధర అడిగింది. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో అర్థమైతే, సంక్షేమ బడ్జెట్ సగం అర్థమైనట్టే.

అసలు ఈ 'మధ్యంతరం' ఏంటి?

మన రాజ్యాంగంలో మధ్యంతర బడ్జెట్ అనే మాటే లేదు. ఏటా ఆదాయం, ఖర్చుల లెక్క పార్లమెంటు ముందు పెట్టాలని 112వ అధికరణం చెప్తుంది. పూర్తి బడ్జెట్ పాసయ్యేదాకా జీతాలు, పింఛన్లు, నడుస్తున్న పథకాలు ఆగకుండా కొన్ని నెలల ఖర్చుకు ముందే అనుమతి తీసుకోవచ్చని 116వ అధికరణం చెప్తుంది. పేపర్లలో మనం చదివే 'ఓటాన్ అకౌంట్' అదే.

ఎన్నికల ముందు వచ్చే బడ్జెట్‌లో పెద్ద నిర్ణయాలు తీసుకోకుండా, వచ్చే ప్రభుత్వానికి వదిలేయడం ఒక మర్యాద. ఇల్లు ఖాళీ చేసే నెలలో ఎవరూ గోడలకు రంగులు వేయించరు కదా, అలాగన్నమాట. ఇది చట్టమేం కాదు, కేవలం ఆనవాయితీ.

2019లో ఆ ఆనవాయితీ పక్కకు పోయింది. రూ.5 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు పన్ను రాయితీ ఇచ్చారు. అసంఘటిత కార్మికులకు కొత్త పింఛను పథకం పెట్టారు. రైతులకు రూ.6 వేలు ఇచ్చారు. పీఎం కిసాన్‌ను ప్రకటించింది ఫిబ్రవరిలోనైనా, లెక్క మాత్రం రెండు నెలలు వెనక్కి జరిపి 2018 డిసెంబర్ 1 నుంచి మొదలుపెట్టారు. దాంతో మొదటి విడత వెంటనే వేయడానికి వీలైంది. ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో బటన్ నొక్కారు. మా నిజామాబాద్‌లో పోలింగ్ ఏప్రిల్ 11న జరిగింది.

మూడొందలు తగ్గితే ఆరు వేలు పోయినట్టే

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఎకరానికి ఇరవై క్వింటాళ్ల ఎండు పసుపు వచ్చిందనుకుందాం. యార్డులో క్వింటాలు మీద రూ.300 తగ్గితే ఇరవై క్వింటాళ్ల మీద తగ్గింది ఎంత? సరిగ్గా రూ.6 వేలు. అంటే ఏడాది మొత్తం పీఎం కిసాన్ డబ్బు ఆ ఒక్క ఎకరం అమ్మకంలోనే పోయింది. పసుపు ధర మూడొందలు అటూ ఇటూ కావడం యార్డులో వింతేమీ కాదు. కొమ్ము కొంచెం సన్నగా ఉందనో, తేమ ఉందనో, పాలిష్ సరిగా లేదనో అంత తగ్గించగలరు.

2019 సీజన్‌లో ధర ఐదారు వేల దగ్గరే ఊగిసలాడింది. రైతులు అడిగిన పదిహేను వేలకు, చేతికొచ్చిన దానికి మధ్య తేడా క్వింటాలుకు దాదాపు పది వేలు. ఎకరం మీద రెండు లక్షలు. రూ.6 వేల చొప్పున ఆ రెండు లక్షలు పూడాలంటే ముప్పై మూడేళ్లు పడుతుంది. పదిహేను వేలు బేరానికి పెట్టిన అంకె అనుకుని సగానికి సగం కొట్టేసినా పదహారేళ్లు దాటుతుంది.

పైగా పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తనం పెడితే జనవరి దాటాక తవ్వుతారు. ఆ తర్వాత ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి. అప్పటికి ఫిబ్రవరి, మార్చి వస్తాయి. అంటే ఢిల్లీలో బడ్జెట్ చదివే రోజుల్లోనే ఇక్కడ కల్లాల్లో పసుపు ఆరుతుంటుంది. బడ్జెట్ రోజు మా దగ్గర పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "పసుపుకేమన్న జెప్పిండ్రా?"

లక్ష రూపాయల పద్దు

ఎందుకు చెప్పరు? ఎందుకంటే కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు. వరికి ఉంది, మక్కకు ఉంది, సోయాకు ఉంది. పసుపును ఉద్యాన పంటల్లో, సుగంధ ద్రవ్యాల్లో లెక్కేస్తారు.

మద్దతు ధర లేని పంటల కోసం కేంద్రం దగ్గర మార్కెట్ జోక్యం పథకం అని ఒకటుంది. ధర బాగా పడిపోతే రాష్ట్రం అడగాలి, అప్పుడు సర్కారు కొంటుంది, నష్టం వస్తే కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరిస్తాయి. కాగితం మీద చూస్తే పసుపు రైతుకు సరిపోయే పథకం ఇదే.

ఈ పథకాన్ని, ధర మద్దతు పథకాన్ని కలిపి పెట్టిన పద్దుకు 2022-23 బడ్జెట్‌లో రూ.1,500 కోట్లు కేటాయించారు. 2023-24లో కేటాయించింది రూ.1 లక్ష. కోటి కాదు, లక్ష! అంటే ఆ పద్దు పేరు చెరిగిపోకుండా ఉంచారన్నమాట. అవసరమైతే తర్వాత డబ్బు పెట్టుకోవచ్చు. ఆ అవసరం ఎప్పుడు వచ్చిందో తేల్చేది మాత్రం రైతు కాదు.

ప్రసంగంలో ఈ లక్ష వినపడదు. ప్రసంగంతో పాటు అప్‌లోడ్ చేసే లావుపాటి పీడీఎఫ్‌లలో ఉంటుంది. మన షార్ట్స్‌లోకి ప్రసంగం వస్తుంది గానీ ఆ పీడీఎఫ్‌లు రావు.

178 మంది రైతులు, 12 మెషిన్లు

తర్వాత ఏమైందో దేశమంతా చూసింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ సీటుకు 178 మంది రైతులు పోటీ చేశారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. జనరల్ అభ్యర్థి డిపాజిట్ రూ.25 వేలు. గెలవమని తెలిసే ఆ డబ్బు కట్టారు. ధర గురించి మాట్లాడడానికి వాళ్లకు దొరికిన మైకు అదే మరి.

సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ 70 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

బోర్డు వెంటనే రాలేదు. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని మోదీ జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. ఆ వారంలోనే నోటిఫికేషన్ వచ్చింది. 2025 సంక్రాంతి రోజు, జనవరి 14న, నిజామాబాద్ కేంద్రంగా బోర్డు మొదలైంది. ప్రారంభించింది ఎవరో తెలుసా? పీయూష్ గోయల్, ఈసారి వాణిజ్య మంత్రిగా. ఆరేళ్ల కింద మధ్యంతర బడ్జెట్ చదివింది కూడా ఆయనే. 2025 జూన్ 29న అమిత్ షా నిజామాబాద్‌లో బోర్డు కార్యాలయం ప్రారంభించారు.

బోర్డు రావడం చిన్న విషయం కాదు. ప్రపంచంలో పండే పసుపులో డెబ్బై శాతానికి పైగా మన దేశానిదే. 2030 నాటికి ఎగుమతులు వంద కోట్ల డాలర్లకు చేర్చాలని లక్ష్యం పెట్టారు. నాణ్యత, పరిశోధన, విదేశీ మార్కెట్లు, ఇవన్నీ బోర్డు పనులు. కానీ బోర్డు పసుపు కొనదు, ధర కట్టదు. 2024లో పసుపు రూ.15 వేలు దాటినప్పుడు బోర్డుకు ఆఫీసు కూడా లేదు. దాన్ని పెంచింది మార్కెట్టే. 2025 మార్చిలో ధర పడిపోయిందని రైతులు నిజామాబాద్ యార్డులో మళ్లీ ఆందోళనకు దిగారు. అప్పటికి బోర్డు మొదలై రెండు నెలలు.

నాలుగు కులాల బడ్జెట్

2024 ఫిబ్రవరి 1కి వద్దాం. నిర్మలా సీతారామన్ గంటలోపే ప్రసంగం ముగించారు. పన్ను రేట్లు ముట్టుకోలేదు. ఈసారి ఆనవాయితీ చాలావరకు నిలిచింది. పేదలు, మహిళలు, యువత, అన్నదాత అనే నాలుగు 'కులాల' మీదే దృష్టి అన్నారు. మొత్తం ఖర్చు రూ.47.66 లక్షల కోట్లు. ఆ ప్రసంగాన్ని ఆర్మూర్ నుంచి వింటే ఇలా ఉంటుంది.

అన్నదాత: 11.8 కోట్ల మంది రైతులకు పీఎం కిసాన్ అందుతోందన్నారు. నిజమే. కేటాయింపు రూ.60 వేల కోట్లు, మొత్తం ఖర్చులో నూటికి రూపాయి పావలా. పథకం పుట్టిన 2019 మధ్యంతర బడ్జెట్‌లో మరుసటి ఏడాదికి పెట్టింది రూ.75 వేల కోట్లు. రైతుకు వచ్చే ఆరు వేలు మాత్రం 2019లోనూ అంతే, 2024లోనూ అంతే. ఆ ఐదేళ్లలో డీజిల్, తవ్వకం కూలి, ఉడకబెట్టే ఖర్చు ఎక్కడున్నాయో ఇంట్లో అడగండి.

పేదలు: ఉపాధి హామీకి రూ.86 వేల కోట్లు ఇచ్చారు. కిందటి బడ్జెట్‌లో రూ.60 వేల కోట్లే కాబట్టి పెద్ద పెంపు అని హెడ్డింగులు వచ్చాయి. కానీ ఆ ఏడాది ఖర్చు సవరించిన అంచనా ప్రకారం అప్పటికే రూ.86 వేల కోట్లకు చేరింది. అంటే జరుగుతున్న ఖర్చునే మళ్లీ రాశారు. దేనితో పోల్చారన్నదాన్ని బట్టి అదే అంకె పెంపు అవుతుంది, అదే అంకె 'ఉన్నదే' అవుతుంది.

మహిళలు: ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలందరికీ ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశారు. ఆసుపత్రిలో చేరితే కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు చికిత్స. ఇది మంచి నిర్ణయం, అనుమానం లేదు. అయితే అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనానికి కేంద్రం పెట్టిన లెక్క రూ.4,500. అది 2018 అక్టోబర్ నాటి అంకె. తెలంగాణలో టీచర్లకు రూ.13,650 వస్తోందంటే మిగతాది రాష్ట్రం కలుపుతోంది కాబట్టే.

యువత: యాభై ఏళ్లకు వడ్డీ లేకుండా లక్ష కోట్ల నిధి అన్నారు. వినగానే అది మనకే అనుకుంటాం. అది పరిశోధన, కొత్త ఆవిష్కరణల కోసం ప్రైవేటు రంగానికి దీర్ఘకాలిక రుణాలిచ్చే నిధి. అవసరమే కావచ్చు. కానీ డిగ్రీ అయిపోయి గల్ఫ్ వీసా కోసం పాస్‌పోర్టు పట్టుకుని తిరిగే ఆర్మూర్ కుర్రాడి చేతికి వచ్చే డబ్బు కాదు.

బీడీల చాట దగ్గర ఆగిన లెక్క

మా అమ్మ బీడీలు చుడుతుంది. ఈ ప్రాంతంలో ఇది చాలా మంది చెప్పుకునే మాట. పొలం మొగోళ్ల పేరు మీద, చాట ఆడోళ్ల ఒళ్లో. 2019 బడ్జెట్ రోజు టీవీ నడుస్తుంటే ఆమె చేతిలో కత్తెర ఆపకుండానే అడిగింది: "అండ్ల మాకేమన్న ఉన్నదా బిడ్డా?"

ఉన్నట్టే కనిపించింది. అసంఘటిత కార్మికులకు అరవై ఏళ్లు నిండాక నెలకు రూ.3 వేల పింఛను. పదిహేను వేల లోపు ఆదాయం ఉన్నవాళ్లు చేరొచ్చు. 29 ఏళ్లకు చేరితే నెలకు వంద కడితే చాలు, అంతే మొత్తం కేంద్రం కలుపుతుంది. లక్ష్యం ఐదేళ్లలో పది కోట్ల మంది.

షరతులు చదివితే సంగతి తెలిసింది. వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి. పీఎఫ్ ఉన్నవాళ్లకు లేదు. మా దిక్కు పాత బీడీ కార్మికుల్లో చాలా మందికి పీఎఫ్ ఉంది, వయసు నలభై దాటింది. చిన్న వయసు వాళ్లకేమో నెలనెలా వంద కట్టి ముప్పై ఏళ్లు ఆగడమంటే నమ్మకం కుదరాలి. దేశం మొత్తం మీద చేరినవాళ్లు యాభై లక్షల దరిదాపుల్లోనే ఆగిపోయారు.

నిజంగా చేతికొచ్చే డబ్బు రాష్ట్రానిది. తెలంగాణలో బీడీ కార్మికులకు నెలకు రూ.2,016 పింఛను ఉంది. దానికీ ఒక తేదీ ఉంది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరుండాలని నిబంధన పెట్టారు. ఒకే వాకిట్లో కూర్చుని ఒకే తునికాకు కత్తిరించే ఇద్దరిలో ఒకరికి పింఛను, ఇంకొకరికి లేదు.

పీఎం కిసాన్‌కూ తేదీ ఉంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీదుంటేనే. ఆ తర్వాత కొన్నవాళ్లకు ఐదేళ్లు లేదు, వారసత్వంగా వస్తే తప్ప. బడ్జెట్ చదివిన రోజే గేటు మూసిన రోజు కూడా. కౌలుకు తీసుకుని పసుపు పెట్టేవాళ్లు ఆ గేటు దాకా కూడా రాలేదు. వాళ్ల దగ్గర పాస్‌బుక్ ఉండదు, పంట మాత్రమే ఉంటుంది.

ఇక వృద్ధుల పింఛను సంగతి. 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు రూ.200. 2007 నుంచి అదే. మీలో కొంతమంది అప్పటికి పుట్టి ఉండరు. 2019లో మధ్యంతర బడ్జెట్ వచ్చింది, 2024లో ఇంకోటి వచ్చింది, ఆ రెండొందలు కదల్లేదు.

అయితే సాయం వద్దా?

వద్దని ఎవరంటారు! మధ్యలో ఎవరి చెయ్యీ తడపకుండా రెండు వేలు ఖాతాలో పడడం చిన్న మార్పు కాదు. మెసేజ్ వచ్చిన రోజు ఎరువు దుకాణంలో బాకీ కొంతైనా తీరుతుంది. ఉచిత బియ్యాన్ని 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు. ఆహార సబ్సిడీకి ఆ మధ్యంతర బడ్జెట్‌లో రూ.2 లక్షల కోట్లకు పైగా పెట్టారు. చాలా ఇళ్లలో అది నిజమైన ధైర్యం.

ప్రభుత్వం వైపు వాదనా ఉంది. అన్ని పంటలకూ ధర హామీ ఇస్తే ఖజానా మోయలేదంటారు. ధర గ్యారంటీ ఉంటే అందరూ పసుపే వేస్తారు, కొనేవాళ్లు లేక గోదాములు నిండుతాయంటారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ ధర కుప్పకూలిన ఏడాది ఆదుకోవడానికి ఒక పద్దు ఉంచుకుని, దాంట్లో లక్ష రూపాయలు పెట్టడానికి మాత్రం ఆ వాదన సరిపోదు.

సాయం ఎందుకు సులువో కూడా ఒప్పుకోవాలి. ఇంతమందికి ఇన్ని వేలు అని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఇచ్చినట్టు మెసేజ్ వస్తుంది, ఇచ్చినవాళ్ల ఫొటో ఉంటుంది. ధర నిలబెట్టాలంటే గోదాములు కావాలి, ఉడకబెట్టే, పాలిష్ పట్టే యంత్రాలు కావాలి, యార్డులో తూకం, వేలం పాట సరిగ్గా జరగాలి, పడిపోయినప్పుడు కొనే నిధి కావాలి. ఇవన్నీ పదేళ్ల పనులు. ఎన్నికలకు రెండు నెలల ముందు వచ్చే బడ్జెట్‌లో పదేళ్ల పని కంటే రెండు వేల విడత బాగా కనిపిస్తుంది.

ఈసారి ఫోన్ తీసినప్పుడు

గడువు ప్రకారం జరిగితే తర్వాతి లోక్‌సభ ఎన్నికలు 2029లో. అంటే ఆ ఫిబ్రవరిలో ఇంకో మధ్యంతర బడ్జెట్ రావచ్చు. ఈలోపు ఏటా పూర్తి బడ్జెట్లు ఉంటాయి. రీల్స్, మీమ్స్ అన్నీ చూడండి, తప్పులేదు. దాంతో పాటు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, అంకె. కొత్తగా చెప్పినదాన్ని పక్కన పెట్టి, పాత అంకె మారిందా అని చూడండి. రూ.6 వేలు, రూ.4,500, రూ.200. కొత్త పథకం పేరు వినడం కంటే ఇది తక్కువ సరదాగా ఉంటుంది, ఎక్కువ నిజం చెప్తుంది.

రెండు, తేదీ. ఎప్పటికల్లా పేరుండాలి, ఎన్నేళ్ల లోపు ఉండాలి, ఎవరి పేరు మీద ఉండాలి. పథకంలో అసలు కోత చాలాసార్లు అక్కడే ఉంటుంది.

మూడు, పద్దు. మాటిచ్చినదానికి డబ్బు ఏ పద్దులో, ఎంత పెట్టారు? కిందటేడు సవరించిన అంచనా ఎంత? మీ ఊరి పంట పేరు ఏ పద్దులోనైనా కనిపిస్తోందా? బడ్జెట్ పత్రాలన్నీ అదే రోజు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. తెరిచి వెతికితే ఐదు నిమిషాల పని.

ఆ ఐదు నిమిషాల్లో మీకు దొరికింది ఇంట్లో చెప్పండి. మా దగ్గరైతే ఫిబ్రవరి అంటే పసుపు ఆరబెట్టే కాలం కాబట్టి వినేవాళ్లు కల్లంలోనే దొరుకుతారు. ఖాతాలో ఎంత పడిందో వాళ్లకు మీకంటే ముందే తెలుసు. క్వింటాలుకు మూడొందలు తగ్గినప్పుడు ఆదుకునే పద్దులో ఎంతుందో మాత్రం ఇప్పటిదాకా వాళ్లకు ఎవరూ చదివి వినిపించలేదు.